ఆకాశం అద్దని కాగితాలు

ఆ వేసవిలో మా గదిలో ఏసీ పగలంతా ఆపి ఉండేది. కరెంటు లేక కాదు, కాగితం ఎండిపోతుందని. సౌదీలో, ఖొబార్ పక్కన తుక్బా వీధుల్లో జూన్ నెల మధ్యాహ్నం కావాలని ఏసీ ఆపుకొని కూర్చున్న మనిషి నా భార్య రోషన్ బీ ఒక్కతే అయి ఉంటుంది. తలుపుకు తడి దుప్పటి వేలాడేది. ఆమె నేల మీద కూర్చుని, ముందున్న చెక్క అచ్చు మీద అన్నం జిగురు కలిపిన నీలి రంగు పూసేది. చెమ్మ కాగితం అంచును అచ్చు మూలనున్న గంటులో ఆనించి, మెల్లగా పరిచి, వెదురు పొర చుట్టిన గుండ్రటి బిళ్లతో వీపు రుద్దినట్టు రుద్దేది. కాగితం ఎత్తితే ఖొబార్ సముద్రం ఉండేది. అప్పటికి ఆమెకు ఏడో నెల.

అది నితాఖత్ ఏడాది, సౌదీ ఉద్యోగాలు సౌదీలకేనన్న చట్టం బిగిసిన ఏడాది. ఏప్రిల్‌లో ప్రభుత్వం మూడు నెలల గడువు ఇచ్చింది. కాగితాలు సరిగా లేనివాళ్లు జూలై మూడు లోపు సరిచేసుకోవాలి, లేదా శిక్ష లేకుండా దేశం విడిచి వెళ్లాలి. ఆ తరువాత పట్టుబడితే జైలు. రోషన్ బీ హాయిల్‌లో ఒక ఇంట్లో వంటా ఊడ్పూ చేసే ఖద్దామాగా పదకొండు నెలలు పనిచేసి, కడుపునిండా అన్నం పెట్టని ఆ ఇల్లు వదిలి నా దగ్గరికి వచ్చేసింది. వీసా ఇచ్చిన కఫీల్, ఆ ఇంటి యజమాని, ఆమె పారిపోయిందని రాయించాడు. దాన్ని ఇక్కడ హురూబ్ అంటారు. ఆ మాట పేరు మీద పడ్డ మనిషి ఆసుపత్రి గుమ్మం ఎక్కలేదు. ఆమెకు ఇక్కడ పుట్టే బిడ్డకు పుట్టినట్టు కాగితం రాదు. కాగితం లేని బిడ్డను వదిలి తల్లి కదలలేదు. ఎనిమిదో నెల నిండితే విమానంలో ఎక్కించుకోరు. మాకు రెండు గడువులు ఉండేవి. ఒకటి గోడ మీద, ఒకటి ఆమె ఒంట్లో. నేను గోడ మీది దాన్నే చూస్తూ గడిపాను.

నేను ధహ్రాన్‌లో విదేశీయులు ఉండే ఒక కాంపౌండ్‌లో మెయింటెనెన్స్ వడ్రంగిని. ఆ చలికాలంలో ఒక జపాన్ ఇంజనీరు ఇంట్లో తలుపు సరిచేయడానికి వెళ్లినప్పుడు, బల్ల మీద చెక్క అచ్చులు కనబడ్డాయి. చూసి ఊరుకోలేకపోయాను.

"మాది పెడన, మేడమ్. మేమూ ఇదే చేస్తాం. కాగితం మీద కాదు, గుడ్డ మీద."

ఆమె పేరు సచికో. అరవై దాటిన మనిషి. నా పేరు అడిగి, చివర 'సాన్' అని మర్యాద చేర్చి, మస్తాన్ సాన్ అని పిలిచింది. మా అద్దకానికీ ఆమె అద్దకానికీ తేడా ఒక్కటే. మా దగ్గర అచ్చు వెళ్లి గుడ్డ మీద పడుతుంది, పిడికిలితో గుద్దుతాం. ఆమె దగ్గర అచ్చు కదలదు, కాగితమే వచ్చి దాని మీద పడుకుంటుంది. ఆమె మణికట్టు పాడైంది. జూలైలో భర్త ఉద్యోగ విరమణ. ఇక్కడి స్నేహితులకు ఇచ్చి వెళ్లడానికి రెండు వందల కాగితాలు అద్దాలి. సముద్రం, ఒక పడవ, పైన తెల్లవారుతున్న ఆకాశం. అయిదు అచ్చులు ఆమే చెక్కింది. అద్దే చెయ్యి లేదు.

రోషన్ బీ చెయ్యి ఉంది. ఖాళీగా కూర్చుంటే హాయిల్ గుర్తొస్తోందని ఆమె ఒప్పుకుంది. ఇక్కడ ఉండటానికి అనుమతిచ్చే ఇఖామా లేని మనిషి కాంపౌండ్ గేటు దాటలేదు గనుక అచ్చులను నేనే పనిముట్ల సంచిలో గదికి మోసుకొచ్చేవాణ్ణి. ఆ ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు. వాళ్ల చేతులు నా భుజాల మీదుగా మాట్లాడుకున్నాయి.

ఆకాశం రంగు పై అంచున ముదురుగా మొదలై, కిందికి వచ్చేసరికి ఏమీ లేకుండా పోవాలి. కుంచెతో పూస్తే చారలు పడుతున్నాయి. రోషన్ బీ మొదటి వారంలోనే కుంచె పక్కన పెట్టింది. అచ్చు మీద రంగు చుక్కలు వేసి, మూడు వేళ్లతో చెక్క మీద రాస్తూ, రంగును పల్చన చేసుకుంటూ కిందికి లాగింది. ఒక్కో కాగితానికి అలా మూడు సార్లు. ఆ వేళ్లు అలిసిపోతే మిగిలినవి, కుడి చెయ్యి అలిసిపోతే ఎడమ చెయ్యి.

మచ్చుకు అద్దిన కాగితాన్ని మేడమ్ కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇది కుంచె కాదు," అంది ఇంగ్లీషులో.

"వేళ్లు, మేడమ్."

"నలభై ఏళ్లుగా నాకు చేతకాలేదు."

ఆ మాటను ఇంటికి మోసుకొచ్చాను. రోషన్ బీకి చెప్పాను. చెబుతున్నప్పుడు అది నన్ను గురించి అన్న మాట అయినట్టు నా గొంతు నాకే వినబడింది.

పెడనలో ఒక కట్టుబాటు ఉంది. నల్ల గీత అద్దిన చెయ్యే ఆ గుడ్డ తానుకు చివరి రంగు దాకా అద్దాలి. దానికి కారణం ఉంది. ఒక్కో చేతికి ఒక్కో వాటం. గీత మీద రంగు సరిగ్గా కూర్చోవాలంటే అదే కన్ను, అదే భుజం కావాలి. కారణం మరిచిపోయిన పెద్దలు దానికి భయం తగిలించారు. సగం అద్దిన తాను ఇంట్లో ఉండగా శుభమైన పని తలపెట్టకూడదు, ప్రయాణం కట్టకూడదు. రోషన్ బీ తండ్రికి ఒకసారి విషజ్వరం వస్తే, ఇద్దరు మనుషులు చంకల కింద పట్టుకుని బల్ల దగ్గర నిలబెట్టి తాను పూర్తి చేయించారు. ఆమె అది కళ్లారా చూసింది.

మే నెలలో ఎంబసీ వాళ్ల శిబిరంలో ఆమెకు పాస్‌పోర్టు బదులు తెల్ల కాగితం దొరికింది. అందరూ దాన్ని ఔట్‌పాస్ అంటారు. ఇక మిగిలింది సౌదీ అధికారుల కేంద్రానికి వెళ్లి వేలిముద్రలు ఇవ్వడం, ఎగ్జిట్ వేయించుకోవడం.

"ఏమయ్యా, కాగితం చేతికొచ్చిందిగా. రేపే పోయి ముద్రలు వేసొద్దాం," అంది.

"రోజూ వేలమంది నిలబడతన్నారు. కాస్త పల్చబడనీ. గడువు జూలై దాకా ఉంది."

"జనం పల్చబడతారా? గడువు దగ్గరయ్యేకొద్దీ పులుసు మరిగినట్టు చిక్కబడతారు."

"ఆకాశం ఒక్కటేగా మిగిలింది. అదయ్యాక నిమ్మళంగా పోవచ్చు."

"వేళ్లు మండుతున్నాయయ్యా. అన్నం కలుపుకుంటే కారం తగిలి కళ్లెంట నీళ్లొస్తన్నాయి."

అప్పుడు నేను ఆ మాట అన్నాను. "సగం అద్దిన తాను ఇంట్లో పెట్టుకుని, కడుపుతో ప్రయాణం కడతావా?"

ఆమె నన్ను చూసింది. "మా నాన్న మాట నాకే అప్పజెప్తన్నావు. సరే," అంది. అచ్చు ముందుకు లాక్కుంది.

ఆ కట్టుబాటును నేను నమ్మానా అని చాలాసార్లు నన్ను నేను అడిగాను. నమ్మాననుకుంటే నేరం సగం తగ్గుతుంది. నిజానికి ఆ క్షణంలో నాకు అక్కరకు వచ్చింది గనుక వాడుకున్నాను. పదేళ్లుగా ఇతరుల తలుపులూ అలమారాలూ సరిచేసిన నాకు, మా ఊరి పనిని ఒక పరాయి మనిషి కిటికీ వెలుగులో పట్టుకుని చూడడం కావాలనిపించింది. అది మరి కొన్నాళ్లు సాగాలనిపించింది. దాని కోసం నేను ఖర్చు చేసింది నా చర్మాన్ని కాదు.

జూన్ మధ్యలో వెళ్లాం. ఆడవాళ్లకు వేరే గుడారం. రెండు గంటల తరువాత ఆమె బయటికి వచ్చిన తీరు చూసి లేచి నిలబడ్డాను.

"మిషన్‌కి నేను కనపడలేదంట," అంది.

"అంటే?"

"మిషన్ దగ్గరమ్మాయి పది వేళ్లూ పెట్టించింది. ఎర్ర దీపమే. తుడిచి పెట్టించింది, నొక్కి పెట్టించింది. ఆ అమ్మాయి నా చెయ్యి తిప్పి చూసి ఏం పని చేస్తావని అడిగింది. ఏం చెప్పను? ఆకాశం చేస్తన్నానని చెప్పనా?"

ఆమె చెయ్యి వెలుగులోకి తిప్పి చూశాను. నేను వడ్రంగిని. ఉప్పుకాగితం పట్టిన చెక్క ఎలా ఉంటుందో నాకు తెలుసు. వేళ్ల కొసలు అలా ఉన్నాయి. నీలి రంగు గోళ్ల చివర నిలిచింది గానీ చర్మం మీద నిలవడానికి అక్కడ గీతలే లేవు.

మా పక్కన నేల మీద కూర్చున్న ఒకతను తన చెయ్యి చాచి చూపించాడు. పేరు లింబాద్రి, ఆర్మూర్ దిక్కు తాపీమేస్త్రీ.

"నాయి గూడ గట్లనే ఉన్నయి చూడు అక్కా. పదిహేనేండ్లు సిమెంట్ తిన్నది. గ్లిజరిన్ రాయుమన్నరు. మూడు దినాల సంది రాస్తున్న. వేళ్లు మెత్తవడ్డయి గని ముద్రలు మాత్రం నాకంటె ముందుగాల ఇంటికి వోయినయి."

రోషన్ బీ నవ్వింది. ఆ నెలలో ఆమె నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

పని ఆపేశాం. గ్లిజరిన్ రాశాం. పది రోజుల తరువాత మళ్లీ వెళ్లాం. మళ్లీ ఎర్ర దీపం. చర్మం మళ్లీ మొలవడానికి రెండు మూడు నెలలు పడుతుందని మందుల షాపు మలయాళీ చెప్పాడు. నూట అరవై కాగితాల మీద ఆకాశం పడింది. నలభై మిగిలాయి. వాటిని చెమ్మ ఆరకుండా ప్లాస్టిక్‌లో చుట్టి, ఫ్రిజ్‌లో కూరగిన్నెల కింద పెట్టాం.

"మిగిలినవి నేను అద్దుతాను," అన్నాను ఒకరోజు.

"నీ చేత్తోనా?"

"ఆఁ."

"మరి కట్టుబాటో?"

ఆమె గ్లిజరిన్ సీసా మూత తీసి, వేళ్లకు రాసుకోవడం మొదలుపెట్టింది.

ఆ చివరి వారం ఆమె పడుకోవడం మానేసింది. గదిలో గోడ నుంచి గోడకు ఆరడుగులు, ఆ ఆరడుగులే నడిచేది. బిడ్డ కదిలినప్పుడు ఆగేది. కేంద్రంలో ఎవరి కాళ్లన్నా పట్టుకుందామా అని అడిగింది. హాయిల్ వెళ్లి ఆ కఫీల్‌నే బతిమాలదామా అని అడిగింది. ఆ ఇంటి పేరు మళ్లీ ఆమె నోట రావడం విన్నాక, మనిషికి దారులు మూసుకుపోవడమంటే ఏమిటో తెలిసింది. తాను పారిపోయి వచ్చిన తలుపు కూడా తలుపులాగే కనబడుతుంది.

జూలై ఒకటిన, తెల్లవారుజాము నమాజు అయ్యాక, ఆమె ఫ్రిజ్ తెరిచింది. కాగితాల కట్ట తీసి నేల మీద పెట్టింది.

"ఎండిన కాగితం రంగు పడుతుందా?" అని అడిగింది.

"పట్టదు."

"తడి ఎక్కువైతే?"

"పాకిపోద్ది."

"మరి మనం ఎండిన వేలు పెట్టాం, ఎర్ర దీపం వచ్చింది. జిడ్డు రాసి పెట్టాం, జారిపోయింది. చెమ్మ ఉండాలి, తడి ఉండకూడదు. ఈ కాగితానికి పట్టినంత చెమ్మ. నాకు తెలిసిన సంగతి నాకే తట్టలేదు చూడు."

పై కాగితం ఎత్తింది. సముద్రం, పడవ, ఇసుక, అన్నీ ఉన్నాయి. పైన తెలుపు. దాన్ని పొడుగ్గా చింపింది. ఆ చప్పుడుకు నా చెయ్యి దానంతటదే లేచింది. ఆమె చూసింది. చెయ్యి దించేశాను. ఆమె ఒక్కో వేలికీ ఒక్కో ముక్క చుట్టుకుంటూ, మిగిలిన కట్టను తడి తువ్వాలులో పెట్టి సంచిలో వేసుకుంది. సగం అద్దిన తాను గురించి నేను ఏమీ అనలేదు. ఆ వేసవిలో నేను చేసిన మంచిపని అదొక్కటే అనుకుంటాను.

ఏడు గంటలకే వరుస రోడ్డు దాకా వచ్చేసింది. ఎండ ముదిరేకొద్దీ ఆమె పాత ముక్కలు విప్పి, సంచిలోంచి చల్లటివి తీసి చుట్టుకుంటోంది. మగవాళ్ల వరుసలోంచి లింబాద్రి చూశాడు.

"గదేంది అక్కా, వేళ్లకు?"

ఆమె చెప్పింది. అతను తన వేళ్ల వంక చూసుకున్నాడు.

"నాక్కూడ ఒకటి ఇయ్యరాదు. నీ సముద్రం ఖరాబైతదేమో గని."

ఆమె ఒక కాగితం మొత్తంగా ఇచ్చేసింది. అతని వెనకనున్న బంగ్లాదేశీ ముసలాయన చెయ్యి చాచాడు.

"యే కౌన్సీ దవా హై, భాయ్?"

"జపాన్ దవా హై చాచా. ఉంగ్లీ పే లపేటో," అన్నాడు లింబాద్రి, వేలికి చుట్టుకోమని చూపిస్తూ, వైద్యుడిలా ముఖం పెట్టి.

అక్కడి నుంచి అది వరుస వెంట నడిచింది. కంకర మోసినవాళ్లు, ఇటుక పేర్చినవాళ్లు, సున్నం కలిపినవాళ్లు, మునుపు ఒకటి రెండుసార్లు ఎర్ర దీపం చూసి తిరిగిపోయినవాళ్లు. రోషన్ బీ సంచిలోంచి తీసి ఇస్తూనే ఉంది. తనకు నాలుగు ఉంచుకుంది. తొమ్మిది గంటల ఎండలో, రోడ్డు పొడుగునా, మనుషులు వేళ్లకు ఖొబార్ సముద్రం చుట్టుకుని నిలబడి ఉన్నారు. సచికో మేడమ్ కిటికీ దగ్గర చూసిన దానికంటే శ్రద్ధగా చూసుకుంటున్నారు.

మధ్యాహ్నం ఆమె గుడారంలోంచి వచ్చింది. ఈసారి నేను లేవలేదు.

"ఎడమ చేతి ఉంగరపు వేలు," అంది. "అదొక్కటే. చాలన్నారు."

తెల్ల కాగితం మీద ఎగ్జిట్ ముద్ర ఉంది. ఆమె దాన్ని నాకు ఇవ్వలేదు. చూపించి, జాకెట్లో పెట్టుకుంది.

లింబాద్రిది ఆ రోజు కూడా పడలేదు. "నీది వడ్డది గదా, గది చాలు. నాది మొండిది అక్కా, మా అయ్యోలె," అని మళ్లీ వరుస చివరికి వెళ్లి నిలబడ్డాడు.

మరునాడు పక్క గది ఇస్మాయిల్ మెట్ల మీది నుంచే కేకేశాడు. గడువు నవంబరు దాకా పెంచారట. వీధిలో మనుషులు ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. రోషన్ బీ బట్టలు మడతపెడుతోంది. తలెత్తి నన్ను చూసింది. నేను ఏమంటానో వినడానికి ఆగింది. కడుపుకు గడువు పెంచగల ప్రభుత్వం ఎక్కడా లేదు. అయినా, 'చూశావా, ఇంకా టైముంది' అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చిన సంగతి దాచను. మింగాను. ఆమె మళ్లీ బట్టల మీదికి వంగింది.

జూలై అయిదున దమ్మాం నుంచి విమానం. లోపలికి వెళ్లే ముందు ఆమె చెప్పింది పని గురించే.

"అచ్చులు ఆ మేడమ్‌కి జాగ్రత్తగా అప్పజెప్పు. గీత అచ్చు కుడి మూల కాస్త అరిగింది. నేనే అరగదీశానని చెప్పు. దాచమాక."

మేడమ్ ఇల్లంతా పెట్టెలు. నూట అరవై కాగితాలూ అయిదు అచ్చులూ బల్ల మీద పెట్టాను. కుడి మూల సంగతి చెప్పాను. నలభై ఏమయ్యాయని ఆమె అడిగింది. అబద్ధం ఒకటి సిద్ధం చేసుకుని వెళ్లాను, ఫ్రిజ్ చెడిపోయిందని. ఆమె ముందు అది పనికిరాలేదు. వేళ్ల గురించి చెప్పాను. గుడారం గురించి, బిడ్డ గురించి చెప్పాను.

"బిడ్డా?" అంది ఆమె. "ఎన్నో నెల?"

"ఎనిమిది, మేడమ్."

ఆమె ఆకాశం అచ్చు మీద చెయ్యి పెట్టింది.

"మస్తాన్ సాన్, మీరు చెప్పలేదు."

"సగంలో వదిలితే, వేరే చెయ్యి పూర్తి చేయలేదు కదా మేడమ్. మా దగ్గర ఒక కట్టుబాటు."

ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. అప్పుడామె అచ్చును నా వైపు తిప్పి, మూలనున్న గంటును చూపించింది. ఎల్ ఆకారంలో, గోరు పట్టేంత గంటు. నాలుగు నెలలు రోజూ చూసిన గంటు.

"మా దేశంలో బొమ్మ గీసేది ఒకరు. చెక్కేది ఒకరు. అద్దేది ఒకరు. ఒకరు జబ్బు పడితే ఇంకొకరు. అయిదు అచ్చుల్లోనూ ఇది ఒకే చోట ఉంటుంది. ఏ చెయ్యి వచ్చి పెట్టినా కాగితం ఇక్కడే కూర్చుంటుంది. ఇది ఉన్నది అందుకే. మిగిలినవి నేను చేసుకునేదాన్ని. లేదా మానేసేదాన్ని."

ఆమె కోప్పడలేదు. నా కోసం టీ పెట్టింది. తాగాను.

ఆగస్టు చివర బందరు ఆసుపత్రిలో మాకు కూతురు పుట్టింది. అమ్మాయికి ఫాతిమా అని పేరు పెట్టి, ఆ పేరు రాసిన కాగితాన్ని రోషన్ బీ ఫోన్లో పంపింది. బిడ్డ ఫోటో ఆ తరువాత వచ్చింది. ఆమె వేళ్లకు గీతలు చలికాలానికి మళ్లీ మొలిచాయి. ఇప్పుడు పెడనలో ఆమెకు సొంతంగా మూడు అద్దకం బల్లలు ఉన్నాయి. అక్కడ పనిచేసే ఆడవాళ్లు ఒంట్లో బాగా లేకపోతే తాను మధ్యలో వదిలి ఇంటికి వెళ్లిపోతారు. పక్కనున్న మనిషి అందుకుంటుంది. రంగు అక్కడక్కడా గీత దాటుతుంది. ఊళ్లో పెద్దలు తప్పుపడతారు. ఆమె పట్టించుకోదు. మా ఇంట్లో ఆ వేసవి తరువాత ఇంకా సమయం ఉందని చెప్పే మనిషి నేను కాదు.

మూలనున్న గంటు దేనికో మేడమ్ చెప్పిన సంగతి మాత్రం రోషన్ బీకి నేను ఇంతవరకూ చెప్పలేదు. సెలవులకు వెళ్లిన ప్రతిసారీ చెబుదామనుకుంటాను. ఆమె చెయ్యి చూస్తాను. ఊరుకుంటాను.

ఆమెకు చదవడం వచ్చు. అందుకే ఇది రాశాను.